మంచులో గుర్రాల పని: ఒళ్లు చల్లబడకుండా గంటన్నర ఎలా గడపాలి

ప్రతి ఏడాదీ మొదటి మంచు పడగానే నాకు ఒకే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది. కూతురి కోసం పోనీని అద్దెకు తీసుకున్న తల్లిదండ్రులు, వారాంతాల్లో లాయంలో పనికి వెళ్లే విద్యార్థులు, ఊరి బయట నాలుగెకరాలు కొనుక్కొని రెండు గుర్రాలను తెచ్చుకున్న దంపతులు, అందరూ అడిగేది ఒక్కటే: "గుర్రం హాయిగానే ఉంటోంది, మాకే వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఏం చేయాలి?" కెనడాలోని ఆల్బర్టాలో, కాల్గరీకి దగ్గర్లోని ఒక పొలంలో మా ఆడగుర్రాన్ని చూసుకుంటూ నేను తొమ్మిది చలికాలాలు గడిపాను. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడితే వార్త అయ్యే నేల నుంచి వచ్చిన నాకు, మైనస్ 30లో బకెట్లు మోయడం చేతనవడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ మీకు పట్టకూడదని ఇది రాస్తున్నాను. మిన్నెసోటాలో ఉన్నవారికీ, ఒంటారియోలో ఉన్నవారికీ ఇందులో మార్చుకోవలసినది పెద్దగా ఉండదు.

ముందు గుర్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. వేసవి చివర్లో పగటి వెలుతురు తగ్గడం మొదలైనప్పటి నుంచే దానికి చలికాలపు బొచ్చు వస్తుంది. ఒళ్లు పొడిగా ఉండి, గాలికి అడ్డు ఉండి, తినడానికి కావలసినంత ఎండుగడ్డి ఉంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం సుమారు మైనస్ 15 వరకు ఇబ్బంది పడదు. పేగుల్లో గడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి లోపలి కుంపటి. మనకు ఆ బొచ్చూ లేదు, ఆ కుంపటీ లేదు. అయినా మనం చలికి లొంగిపోయేది బట్టలు చాలకపోవడం వల్ల అనుకుంటే పొరపాటు. పది సార్లలో ఎనిమిది సార్లు చెమటతోనో బకెట్ నీళ్లతోనో తడిసిపోయి, ఆ తడితో గాలిలో నిలబడటం వల్లే ఒళ్లు చల్లబడుతుంది. కాబట్టి కింద చెప్పినవన్నీ తడవకుండా పని ముగించడం ఎలా అన్నదాని చుట్టూనే తిరుగుతాయి.

కావలసినవి

– ఒంటికి అంటుకొని ఉండే థర్మల్స్, పైకీ కిందికీ. మెరినో ఉన్నివి అన్నిటికంటే మంచివి, ఎందుకంటే కాస్త చెమ్మగిల్లినా వెచ్చదనం పోదు. పాలిస్టర్‌వి చవక, అవీ పనికొస్తాయి. నూలు బనియన్లు, నూలు సాక్సులు మాత్రం వద్దు. నూలు చెమటను పీల్చుకొని ఒంటికి చల్లగా అతుక్కుంటుంది.

– మధ్య పొరగా ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్. ముందు భాగంలో జిప్పు ఉన్నదైతే పని మధ్యలో తెరుచుకోవచ్చు.

– గాలి చొరబడని పై కోటు, భుజాల పట్టీలున్న దళసరి ఓవరాల్స్. పై పొర బట్ట నునుపుగా ఉండాలి. ఫ్లీస్‌ను పైకి వేసుకుంటే పది నిమిషాల్లో గడ్డిపరకలన్నీ దానికే అంటుకుంటాయి, అవి మెడలోకి జారి రోజంతా గుచ్చుకుంటాయి. కదిలినప్పుడల్లా గరగరమనే నైలాన్ కోటును గుర్రం దగ్గరికి మొదటిసారి వేసుకెళ్లేటప్పుడు దానికి దూరం నుంచే చూపించి, వాసన చూడనివ్వండి.

– లోపలి ఫెల్ట్ పొరను బయటికి తీసి ఆరబెట్టుకోగలిగిన మంచు బూట్లు, మీ కొలతకన్నా ఒక సైజు పెద్దవి. ఫెల్ట్ పొర రెండో జత కూడా కొనుక్కుంటే మంచిది.

– మూడు రకాల చేతి తొడుగులు: పలచని లోపలి తొడుగులు, వేళ్లు విడిగా లేని దళసరి మిటెన్లు, నీళ్ల పనికి రబ్బరు తొడుగులు. వీటి గురించి తరవాత వివరంగా చెబుతాను.

– చెవులు పూర్తిగా కప్పే టోపీ, మెడకూ ముక్కుకూ కలిపి వేసుకునే గొట్టం లాంటి మెడపట్టీ. శాలువా, చున్నీ, పొడవాటి స్కార్ఫ్ వేలాడేసుకొని గుర్రం దగ్గరికి వెళ్లకండి. వాటి కొసలు గేటు గడియకో, గుర్రానికి కప్పే దుప్పటి బకిల్‌కో తగులుకుంటాయి, గుర్రం కదిలితే మీ మెడకు బిగుసుకుంటాయి.

– నుదుటికి కట్టుకునే దీపం. డిసెంబరు చివర్లో కాల్గరీలో సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నర దాటాక గాని ఉదయించడు, సాయంత్రం నాలుగున్నరకే అస్తమిస్తాడు. ఉద్యోగం చేసేవారికి రెండు పూటలా పని చీకట్లోనే జరుగుతుంది.

– ఫ్లాస్కులో వేడివేడి పానీయం. నేను మిరియాల చారు పట్టుకెళ్తాను.

ఖర్చు గురించి ఒక మాట. డబ్బు తక్కువగా ఉంటే కోటు మీద కాకుండా ముందు బూట్ల మీద, తరవాత చేతి తొడుగుల మీద పెట్టండి. కోటు పాతదైనా లోపల ఇంకో స్వెటర్ వేసుకొని నెట్టుకురావచ్చు గాని, చెడ్డ బూట్లకు అలాంటి ఉపాయం లేదు.

పని వరుస

1. ముందు రోజు రాత్రే సిద్ధం చేసుకోండి. వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రతతో ఆగిపోకుండా గాలి వేగం కూడా చూడండి. మైనస్ 20 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, తెరిచి ఉన్న చర్మానికి అది మైనస్ 33 లాంటి చలి. ఈ లెక్కను గాలి చలి అందాం. అది మైనస్ 28 దాటాక కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే అవకాశం ఉంటుంది. మైనస్ 40 దాటితే ఐదు నుంచి పది నిమిషాలే. మరుసటి ఉదయం వేయవలసిన ఎండుగడ్డిని రాత్రే వల సంచుల్లోకి ఎత్తి లాయంలో వరుసగా పెట్టుకుంటే, చీకట్లో చలిలో మోపులు విప్పే పది నిమిషాలు మిగులుతాయి. ఫెల్ట్ పొరలు బూట్లలోంచి తీసి వెచ్చని గదిలో ఆరబెట్టండి.

2. ఒంటిమీది లోహం తీసేయండి, ఏదైనా తినండి. మన ఇళ్లలో దీన్ని చెప్పేవారు లేరు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఉంగరాలు, గాజులు, కాలి మెట్టెలు తీసి ఇంట్లోనే పెట్టండి. లోహం చలిని నేరుగా చర్మానికి చేరవేస్తుంది. మెట్టె బిగుతుగా ఉన్న వేలికి నెత్తురు సరిగా అందదు. అన్నిటికీ మించి, గుర్రం ఒక్కసారి బెదిరి పలుపు లాగినప్పుడు ఉంగరం తాడుకు తగులుకుంటే వేలి చర్మమే ఊడివస్తుంది. మెట్టెలు తీయడం మనసుకు ఇష్టం లేనివారు కనీసం వాటిని వదులు చేయించుకొని, పైన పలచని సాక్సు వేసుకోండి. తలస్నానం చేసి తడి జుట్టుతో బయలుదేరకండి. ఖాళీ కడుపుతో వెళ్లకండి: ఒళ్లు వేడి పుట్టించుకోవాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి. నెయ్యి వేసుకున్న ఉప్మా చాలు.

3. బట్టలు వేసుకునే వరుస పాటించండి, కాస్త చలిగా ఉండగానే బయలుదేరండి. థర్మల్స్, సాక్సులు, స్వెటర్ ఇంట్లో వేసుకోండి. పై కోటు, టోపీ, మిటెన్లు కారులో పక్క సీటు మీద పెట్టండి. అన్నీ వేసుకొని హీటరు పూర్తిగా పెట్టుకొని అరగంట కారు నడిపితే, దిగేసరికి వీపు చెమటతో తడిసి ఉంటుంది, ఆ రోజు పని అక్కడితో చెడినట్లే. కారు దిగినప్పుడు మొదటి ఐదు నిమిషాలు కొద్దిగా వణుకు అనిపించాలి. దిగగానే హాయిగా అనిపించిందంటే ఒక పొర ఎక్కువైందని గుర్తు, పార పట్టాక ఎలాగూ అది చెమటగా మారుతుంది.

బూట్లు వేసుకున్నాక కాలి వేళ్లను లోపల ఆడించి చూడండి. అవి ఆడాలి. నేను మొదటి ఏడాది సరైన కొలత బూట్లు కొని, వెచ్చగా ఉంటుందని రెండు జతల దళసరి సాక్సులు తొడిగాను. వేళ్లు బిగుసుకుపోయి, నెత్తురు ఆడక, ఒక్క జతతో ఉన్నప్పటికన్నా ఎక్కువ చల్లబడ్డాయి. వెచ్చగా ఉంచేది సాక్సు మందం కాదు, కాలి చుట్టూ నిలిచే గాలి.

4. చేరగానే ముందు గడ్డి వేయండి. రాత్రి నింపి పెట్టుకున్న సంచులు కట్టేస్తే గుర్రాలు ఒక్కోచోట కుదురుకుంటాయి, మీ చుట్టూ మూగవు. ఆకలితో ఉన్న గుర్రాల మధ్య, మంచు మీద, దళసరి బూట్లతో తిరగడం ప్రమాదం. చలి ముదిరిన రోజుల్లో గుర్రానికి దాణా కన్నా ఎండుగడ్డి పెంచడం మంచిది. అలాంటి రోజు గడ్డి మోతాదు పెంచితే రాత్రంతా దానికి వెచ్చదనం అందుతుంది.

5. వేళ్లతో చేసే సున్నితమైన పనులు రెండోది. మీ చేతులు ఇంకా వెచ్చగా ఉన్నది ఇప్పుడే కాబట్టి దుప్పటి బకిల్స్, గిట్టల తనిఖీ, చిన్న గాయాలుంటే మందు ఇప్పుడే ముగించండి. మిటెన్లు తీసి పలచని తొడుగులతో పని చేయండి. వట్టి చేతులతో లోహాన్ని తాకకండి. వేలికి కాస్త తడి ఉన్నా మైనస్ 25లో ఇత్తడి కొక్కేనికి చర్మం అతుక్కుపోతుంది. మిటెన్లను మంచు మీద పడేయకుండా కోటు లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోండి. మళ్లీ వేసుకునేటప్పుడు అవి వెచ్చగా ఉంటాయి.

గిట్టల్లో మంచు ఉండలు కట్టి ఉంటే తీయండి, ముఖ్యంగా లాడాలున్న గుర్రాలకు. ఆ ఉండల మీద నిలబడిన గుర్రం ఎత్తు మడమల చెప్పులు వేసుకొని గచ్చు మీద నడిచినట్లు తూలుతుంది. గిట్ట ఎత్తేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోకండి, వంగి నిలబడే చేయండి. చలికి బిగుసుకున్న కాళ్లతో గబుక్కున లేవలేరు. కళ్లెం వేయవలసిన రోజైతే నోటిలో పెట్టే ఇనుప కడ్డీని ముందు అరచేతిలోనో కోటు లోపలో వెచ్చబరచండి. మన వేలికి అతుక్కునే ఇనుము దాని నాలుకకూ అతుక్కుంటుంది.

దుప్పటి వేసే గుర్రమైతే, దుప్పటి కిందికి చెయ్యి పెట్టి మెడ కింద, పక్కటెముకల మీద తడిమి చూడండి. తడిగా ఉంటే ఆ దుప్పటి తీసి, ఒళ్లు ఆరాక వేరేది వేయండి. పొడి గాలి వల్ల దుప్పటి లాగేటప్పుడు చిటపటమని నిప్పురవ్వలు లేచి గుర్రం ఉలిక్కిపడుతుంది కాబట్టి, నెమ్మదిగా మడిచి తీయండి, ఒక్కసారిగా లాగకండి.

6. చెమట పట్టే పని మూడోది. లద్దె ఎత్తడం, దారిలో మంచు తోడడం, కింద పరిచే రంపపు పొట్టు మోయడం వంటివి మొదలుపెట్టే ముందే కోటు జిప్పు దించండి, అవసరమైతే కోటు తీసి లోపల తగిలించండి. చెమట పట్టాక విప్పడం ఆలస్యం చేసినట్లే. మైనస్ 20లో కోటు విప్పడానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. అయినా విప్పండి. పార పట్టిన మూడు నిమిషాల్లో ఒళ్లే వేడెక్కుతుంది. చెమట పట్టబోతున్నట్లు అనిపిస్తే పని వేగం తగ్గించండి. గడ్డకట్టిన లద్దె రాయిలా ఉంటుంది, దానితో కుస్తీ పట్టకండి. ఎండ కాసిన మధ్యాహ్నం అదే తేలిగ్గా ఊడుతుంది. పని ఆగిన వెంటనే, ఒళ్లు చల్లబడే లోపే, కోటు తిరిగి వేసుకోండి.

7. నీళ్లు చివరన. నా చేతులు పాడైన ప్రతిసారీ దానికి కారణం నీళ్లే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

మూడో చలికాలం, జనవరి, మైనస్ 27. తెల్లవారుజామున ముందుగా నీళ్లు పట్టాను, ఉన్ని తొడుగులు తడిశాయి, తడిసినా ఫరవాలేదనుకొని మిగతా పనికి దిగాను. ఇరవై నిమిషాల తరవాత మా గుర్రాన్ని దొడ్డిలోకి తీసుకెళ్లి, దాని తలకు తొడిగే పట్టీ అయిన హాల్టర్ కొక్కెం విప్పబోతే, నా బొటనవేలు ఆ చిన్న ఇత్తడి మీటను నొక్కలేకపోయింది. వేలు కనిపిస్తోంది, మీట మీద ఉంది, కాని నొక్కుతున్న స్పర్శ లేదు. తొడుగు బయటి వైపు మంచు పెంకులా బిగిసి, వేలు వంచితే పగిలి రాలుతోంది. గుర్రం తల తిప్పి చూసింది, దాని కనురెప్పల చివరలు తెల్లగా మంచు పట్టి ఉన్నాయి. నేను తొడుగులు తీసి రెండు చేతులూ దాని జూలు కింద, మెడకు ఆనించి, అక్కడే నిలబడ్డాను. ఐదారు నిమిషాలకు వేళ్లలో సూదులు గుచ్చినట్లు నొప్పి మొదలైంది. ఆ నొప్పి వచ్చినందుకు నేను ఏడుస్తూనే సంతోషించాను. ఆ రోజు నుంచి, తొట్టి పూర్తిగా ఖాళీగా ఉంటే తప్ప, నీళ్ల పని చివరికి పెట్టుకున్నాను.

ఎలా పట్టాలంటే: పలచని తొడుగుల మీద రబ్బరు తొడుగులు వేసుకోండి. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు పెద్ద సైజువి కూడా పనిచేస్తాయి, కాకపోతే చలి బాగా ముదిరితే అవి బిరుసెక్కుతాయి. బకెట్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపకండి. 20 లీటర్ల బకెట్ నిండుగా ఉంటే 20 కిలోలకు పైగా బరువు, నడిచేటప్పుడు చిందేదంతా మీ ఓవరాల్స్ మీద, బూటు మీద పడి గడ్డకడుతుంది. రెండు చేతులతో రెండు సగం బకెట్లు మోస్తే నడక నిలకడగా ఉంటుంది. అంతకన్నా మంచి ఉపాయం, పిల్లలు మంచు మీద జారే ప్లాస్టిక్ బండి మీద మూతలున్న డబ్బాలు పెట్టి లాగడం. ఒక గుర్రం రోజుకు ఉరమరగా 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది. నీళ్లు మరీ చల్లగా ఉంటే తక్కువ తాగి, పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి తెచ్చుకుంటుంది. కాబట్టి చలి పేరు చెప్పి ఇందులో మాత్రం కోత పెట్టకండి. మంచు తింటుందిలే అని వదిలేయకండి.

పొలంలో ఉండే గడ్డకట్టని కుళాయిల్లో అసలు కవాటం భూమి లోపల, మంచు చేరని లోతులో ఉంటుంది. కట్టేశాక గొట్టంలో మిగిలిన నీరు కిందికి దిగిపోవాలి. రబ్బరు పైపు దానికి తగిలించి వదిలేస్తే ఆ నీరు దిగదు, రాత్రికి గడ్డకట్టి కుళాయి పగులుతుంది. వాడిన ప్రతిసారీ పైపు ఊడదీసి, ఒక కొస నుంచి భుజం మీదుగా ఎత్తుతూ నడిచి నీరంతా వంచేయండి. వేడిచేసే బకెట్ లేదా తొట్టి హీటరు వాడేవారు దాని తీగను గుర్రం కొరకలేని చోట ఉంచండి, నేలకు కరెంటు లీకైతే ఆగిపోయే రకం ప్లగ్గుకే తగిలించండి.

నీళ్ల పని ముగిసిన మరుక్షణం రబ్బరు తొడుగులతోపాటు లోపలివి కూడా తీసేసి, ఛాతీ దగ్గర దాచిన పొడి మిటెన్లు వేసుకోండి.

8. ఇరవై నిమిషాలకొకసారి మిమ్మల్ని మీరు తనిఖీ చేసుకోండి. బొటనవేలి కొసను అదే చేతి చిటికెనవేలి కొసకు ఆనించండి. అందకపోయినా, ఆనినట్లు తెలియకపోయినా పని ఆపి వెంటనే లోపలికి వెళ్లండి. కాలి వేళ్లను ఆడించండి. అప్పటిదాకా నొప్పిగా ఉన్న వేలు ఉన్నట్లుండి హాయిగా అనిపిస్తే అది మెరుగుదల కాదు, మొద్దుబారడం. ఇద్దరు కలిసి పని చేస్తుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకోండి: ముక్కు కొస మీద, చెవి తమ్మె మీద, చెంప మీద పాలిపోయిన మచ్చ తనకు తెలియదు, పక్కవారికే కనబడుతుంది. ముక్కుపుడక ఉన్నవారు మెడపట్టీని ముక్కు మీదికి లాగి ఉంచండి.

చేతులు చల్లబడుతున్నాయనిపిస్తే చేయి చాచి భుజం నుంచి పెద్ద చక్రంలా ఇరవై సార్లు తిప్పండి, నెత్తురు వేళ్ల కొసల దాకా దిగుతుంది. గుర్రానికి దూరంగా వెళ్లి తిప్పండి. ఇనుప పొడితో చేసిన వెచ్చటి పొట్లాలు వాడేవారు వాటిని బయలుదేరడానికి పావుగంట ముందే తెరిచి గాలి తగలనివ్వండి. అవి పనిచేసేదే గాలితో, అందుకే బిగుతైన బూటులో అడుగున పెడితే వెచ్చబడవు. వట్టి చర్మానికి నేరుగా ఆనించవద్దు, మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు.

9. ఇంటికి చేరాక పని ఇంకా ఉంది. ఫెల్ట్ పొరలు, తొడుగులు, మెడపట్టీ విడివిడిగా ఆరేయండి. సాక్సులు తీసి కాలి వేళ్లను వెలుతురులో ఒక్కొక్కటిగా చూడండి. వీపు మీద థర్మల్‌ను చేత్తో తడిమి చూడండి: పొడిగా ఉంటే ఆ రోజు మీ బట్టల లెక్క సరిపోయింది, తడిగా ఉంటే అదే చలికి రేపు ఒక పొర తగ్గించండి. నేను గోడ మీది క్యాలెండరులో ఉష్ణోగ్రత, గాలి, ఏం వేసుకున్నాను, వీపు తడా పొడా అని రెండు ముక్కలు రాసుకుంటాను. రెండు నెలలు రాస్తే మీ ఒంటికి సరిపోయే పట్టిక మీ దగ్గరే తయారవుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

కోటుకు కుట్టి ఉండే హుడ్‌ను తల మీదికి లాక్కొని గుర్రం పక్కన పని చేయడం వీటిలో మొదటిది. దానివల్ల పక్క చూపు పోతుంది, చెవులకు వినికిడి తగ్గుతుంది, గుర్రం వెనక కాలు ఎత్తడం కనబడదు. వెచ్చదనానికి టోపీ, గాలికి మెడపట్టీ చాలు.

దళసరి మిటెన్లతో పలుపు పట్టుకున్నప్పుడు పట్టు తెలియక దాన్ని అరచేతికి చుట్టుకుంటారు. ఎంత చలి అయినా చుట్టుకోకండి. మిగిలిన తాడును మడతలుగా మడిచి, ఆ మడతలను మధ్యలో పట్టుకోండి.

గడ్డకట్టిన గడియ మీద వేడినీళ్లు పోస్తారు. ఆ క్షణానికి విడుతుంది, పది నిమిషాల్లో ముందుకన్నా గట్టిగా బిగుస్తుంది, కింద నేల మీద గాజులాంటి మంచు పలక ఏర్పడుతుంది. వెచ్చటి పొట్లాన్ని గడియ మీద రెండు నిమిషాలు ఒత్తి పట్టుకుంటే సరిపోతుంది.

లాయంలో గ్యాసు పొయ్యో కుంపటో పెట్టి చలి కాచుకోవాలని కొందరికి అనిపిస్తుంది. భోగి మంట దగ్గర పెరిగిన చేతులకు అది సహజం. కాని ఎండుగడ్డి, రంపపు పొట్టు, ధూళి ఉన్న కట్టడంలో ఒక్క నిప్పురవ్వ చాలు, తలుపులు మూసిన చోట విషవాయువు వాసన కూడా తెలియదు. దయచేసి ఎప్పుడూ పెట్టకండి. చలి కాచుకోవాలంటే కారులో కూర్చోండి, కారును బయట, పొగగొట్టానికి మంచు అడ్డులేని చోట నిలపండి.

ముఖానికి నూనో క్రీమో రాసుకుంటే చర్మం గడ్డకట్టదన్న నమ్మకం కూడా మనవాళ్లలో ఉంది. పగుళ్లకు అది మేలు చేయవచ్చు గాని, చలికి కవచం కాదు. ముఖాన్ని బట్టతోనే కప్పాలి.

మంచు బూట్లతోనే జీనెక్కడం మరొకటి. వాటి వెడల్పుకు పాదం రికాబులో ఇరుక్కుంటుంది, పడితే బయటికి రాదు. స్వారీకి వేరే బూట్లు ఉంచుకోండి.

కాల్గరీ వైపు ఉన్నవారికి ప్రత్యేకంగా: రాకీ పర్వతాల మీదుగా షినూక్ అనే వెచ్చటి గాలి వీచినప్పుడు కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు పెరగవచ్చు. పొద్దున మైనస్ 18 చూసి అన్నీ తొడుక్కున్నవారు మధ్యాహ్నానికి చెమటలో మునుగుతారు. కరిగిన మంచు రాత్రికి నున్నటి గడ్డ అవుతుంది. ఆ మరుసటి ఉదయం బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు తగిలించుకోండి, కుళాయి నుంచి దొడ్డి దాకా ఇసుక చల్లండి.

చర్మం పాలిపోయి మొద్దుబారితే

లోపలికి వెళ్లి, తడి బట్టలు తీసి, ఆ భాగాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. నీటి వేడి 37 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటే చాలు, మొద్దుబారని మోచేతితోనే దాన్ని పరీక్షించండి. రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి, హీటరుకూ మంటకూ ఆనించకండి. తిరిగి చలిలోకి వెళ్లక తప్పదనుకుంటే, వెచ్చబరచడం ఆపి ముందు వైద్యం అందే చోటికి చేరండి. ఒకసారి కరిగిన వేలు మళ్లీ గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. అరగంట వెచ్చబరచినా స్పర్శ రాకపోయినా, బొబ్బలు లేచినా, చర్మం మైనంలా గట్టిగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరికైనా ఆపుకోలేని వణుకు వచ్చి, మాట ముద్దముద్దగా మారి, నడక తడబడితే అది ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడుతున్న సూచన. ముఖ్యంగా వణుకు ఆగిపోయి మగతగా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. ఈలోగా గాలి తగలని చోట పడుకోబెట్టి, పొడి దుప్పట్లు కప్పండి. స్పృహ బాగుంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి, మద్యం ఇవ్వకండి. ఇందుకే ఫోన్‌ను పై జేబులో కాకుండా లోపలి పొరలో పెట్టుకోమంటాను. చలికి బ్యాటరీ చచ్చిపోతే అది ఉన్నా లేనట్లే.

మరీ చలి రోజున ఏం మానేయాలి

గాలి చలి మైనస్ 40 దాటిన రోజు నేను చేసేవి నాలుగే: ప్రతి గుర్రాన్నీ నడిపించి చూసి, దుప్పటి కింద ఒళ్లు తడిమి, రెట్టింపు గడ్డి వేసి, నీళ్లు గడ్డకట్టలేదని నిర్ధారించుకోవడం. లద్దె ఆగుతుంది, బ్రష్ ఆగుతుంది, స్వారీ ఆగుతుంది. ఆ నాలుగింటినీ పది నిమిషాల చొప్పున విడగొట్టి, మధ్యలో కారులో కూర్చొని చేతులు వెచ్చబరచుకొని మళ్లీ దిగుతాను. ఒంటరిగా వెళ్లవలసి వస్తే, బయలుదేరే ముందు ఇంట్లోవారికి తిరిగొచ్చే సమయం చెప్పి, ఆ సమయం దాటిన పావుగంటకు ఫోన్ చేయమని, నేను ఎత్తకపోతే పొలం యజమానికి చెప్పమని చెప్పి వెళ్తాను.